పాడుపెట్టిన ఇంట్లో పచ్చచుక్క

జూలై 8, మంగళవారం

ఈరోజు ఆ ఇంట్లోకి వెళ్ళాను. వెనక వాకిలి గుండా. తప్పే, తెలుసు.

మా ఆయన ప్రదీప్ ధనిష్ఠ నక్షత్రంలో పోయాడని అయ్యవారు పంచాంగం చూసి, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టమన్నాడు. దీపం పెట్టకూడదు, పొయ్యి రాజేయకూడదు, మనిషి అడుగు పడకూడదు. కర్మాంతరాలు కాగానే ముందు వాకిలికి తాళం వేసి, అడ్డంగా తుమ్మకంప కొట్టారు. నేనూ అత్తా పక్కవీధిలో ఒక గదికి మారాం. గదిలో కొళాయి ఉంది, ఫ్యాను ఉంది, పొద్దున పూట ఎండ కూడా పడుతుంది. నెట్ లేదు. పుంగనూరు అంతా లాగారు గానీ ఆ వీధికి ఇంకా లైను లాగలేదట. ఎప్పుడు లాగుతారని అడిగితే కేబులాయన నవ్వి పంపించాడు. ఊరందరికీ నెట్ ఉందో లేదో చూసే ఉద్యోగం నాది. నాకే లేదు.

ఈ ఉద్యోగం ఏమిటో అత్తకు చెప్పడానికి ఒకప్పుడు నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళ లాప్‌టాప్‌లు కొన్ని నిమిషాలకోసారి మా కంపెనీ క్లౌడ్‌ను పిలిచి చూస్తాయి, అందితే నా తెరమీద వాళ్ళ పేరు పక్కన పచ్చ చుక్క, అందకపోతే ఎర్ర చుక్క, ఎర్రబడితే నేను ఫోన్ చేసి ఏమైందో కనుక్కోవాలి అని చెప్పాను. అంతా విని, "అంటే మనిషి ఉండాడా లేదా అని సూసేదే గదా నీ పని" అంది. ప్రదీప్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

కిటికీలు తెరవలేదు. లైటు వేయలేదు. వంటగది పక్కన నా బల్లమీద వేలితో పేరు రాసేంత దుమ్ము. రౌటరు మాత్రం వెలుగుతూనే ఉంది. ఇంతమందిమి ఏడ్చి, సామాన్లు సర్దుకుని, తాళం వేసుకుని పోయాం కదా, దాన్ని ఆపాలని ఒక్కరికీ తోచలేదు.

పని కోసమే వెళ్ళాను. వేరే ఏమీ లేదు.

జూలై 9

బస్టాండు దగ్గర స్నేహితురాలి గదిలో కూర్చుని పనిచేస్తున్నానని అత్తతో చెప్పాను. ఏ స్నేహితురాలని కూడా అడగలేదు. తనూ సాయంత్రం పూట భజనకు పోతానంది. మంచిదే, గదిలో ఒక్కతే గోడలు చూస్తూ కూర్చోవడం కన్నా నయం.

జూలై 14, సోమవారం

అలవాటైపోయింది. వెనక సందులో టమాటా బాక్సులు పేర్చి ఉంటాయి, వాటి చాటున నడిస్తే ఎవరికీ కనబడను. గడియ తీసేటప్పుడు మాత్రం కిర్రుమంటుంది. పళ్ళు బిగపట్టి తీస్తాను.

ఫోన్లలో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. "నా మాట వినిపిస్తోందా? ఉన్నారా? లైన్లో ఉన్నారా?" రోజంతా ఇదే పాట. ఈరోజు సోమల దగ్గర ఒకాయన లైను మధ్యలో తెగింది. తెగిందని తెలియక నేను ఉన్నారా, ఉన్నారా అని అడుగుతూనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. ప్రదీప్ పోయిన సోఫా ముందుగదిలో ఉంది. తెల్లవారి కాఫీ కలిపి తెచ్చేసరికి అందులోనే ఒరిగి ఉన్నాడు. ఆ గదిలోకి నేను వెళ్ళను. మధ్యతలుపు వేసే ఉంచుతాను.

మదనపల్లె ఆఫీసు నుంచి సుధారాణి గారు ఫోన్ చేశారు. మా పైఅధికారి. కొత్త రూలు వచ్చిందట, చుక్కలు చూసేవాళ్ళ చుక్క ఎర్రబడకూడదట. మాటిమాటికీ ఎర్రబడితే బెంగళూరు ఆఫీసుకొచ్చి పనిచేయాలి, కుదరదంటే మానుకోవాలి. బెంగళూరు పోతే అత్త గతి ఏమిటి? కొడుకును పూడ్చిన ఊరు విడిచి ఆమె రాదు. మా మరిది మునికుమార్ కుప్పంలో గ్రానైట్ పనిలో పదిమందితో ఒక గదిలో ఉంటాడు, అతనేం చూస్తాడు. మా ఇద్దరికీ కూడు పెట్టేది ఈ ఉద్యోగమే.

"నీకేం భయం హరితా, నీ చుక్క పచ్చగా ఉంది" అన్నారు సుధారాణి గారు. అవునండీ అన్నాను.

జూలై 18, శుక్రవారం

జరిగింది జరిగినట్టు, నిదానంగా రాస్తాను.

కుప్పంలో స్వర్ణలత అని ఒకామె మా బిల్లింగులో పనిచేస్తుంది. ఆమె చుక్క సాయంత్రమయ్యేసరికి ఎర్రబడుతోంది. ఫోన్ చేసి ఆమె చేత రౌటరు పేజీ తెరిపించాను. ఆ వైఫైకి ఆ నిమిషంలో ఏయే ఫోన్లు, టీవీలు కలిసి ఉన్నాయో అందులో పేర్లతో వరసగా కనిపిస్తాయి. ఎక్కడ నొక్కాలో ఆమెకు అంతుపట్టలేదు. అందుకని నేను మా రౌటరు పేజీ తెరిచి పెట్టుకుని, అందులో చూస్తూ చెప్పాను. ఆమె వరసలో పక్కింటివాళ్ళ టీవీ దొరికింది. వాళ్ళను నాలుగు తిట్టి ఫోన్ పెట్టేసింది.

నా వరసలో నా లాప్‌టాప్ ఉంది, నా ఫోన్ ఉంది. మూడోది "ప్రదీప్".

ఆ పేరు నేనే పెట్టాను. ఏ ఫోన్ ఎవరిదో తెలియకుండా అంకెలు, అక్షరాలు ఉంటే నాకు చిరాకు.

కానీ ఆ ఫోన్ ప్రదీప్‌తో పాటు గుంతలో ఉంది. అన్నకు ఫోనంటే ప్రాణమని మునికుమార్, బ్యాంకు పనులకు సిమ్ ఒక్కటి తీసుకుని, ఫోన్ చొక్కా జోబీలో పెట్టి పంపించాడు.

పాతది అయ్యుంటుంది. రౌటర్లు ఒక్కోసారి ఎప్పుడో పోయినవాటిని కూడా చూపిస్తుంటాయి. ఈ మాట ఎంతమందికి చెప్పి ఉంటాను. పేజీ మూసి మళ్ళీ తెరిచాను. ఉంది. రౌటరు ఆపి, మళ్ళీ వేశాను. వచ్చింది. బాగా పొద్దుపోయాక చూస్తే లేదు.

చూశావా, పాతదే.

జూలై 19

శనివారం, సెలవు. అయినా వెళ్ళాను. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు.

జూలై 23, బుధవారం

రోజూ అదే వేళ. కాసేపుంటాడు, పోతాడు. సిగ్నల్ ఎంత బలంగా ఉందో కూడా ఆ పేజీలో తెలుస్తుంది. దూరం కాదు, గోడ అవతల ఉన్నంత. నా బల్లకు గోడ అవతల ముందుగదే.

నేను మధ్యతలుపు తీయలేదు. భయం కాదు. తీస్తే పోతాడేమోనని.

బతికున్నన్నాళ్ళూ నువ్వు వేళకు ఇల్లు చేరింది లేదు. మదనపల్లె మండీలో లోడు దిగలేదంటావు, బస్సు తప్పిపోయిందంటావు, ఫోన్ చార్జింగు అయిపోయిందంటావు. అన్నం మీద మూత పెట్టి కూర్చునేదాన్ని. ఇప్పుడేమో గడియారం పెట్టుకున్నట్టు వస్తున్నావు. సిగ్గుండాలి.

ఈరోజు వెళ్ళేముందు తల దువ్వుకుని జడ వేసుకున్నాను. చిక్కులు పడిపోతోందని.

జూలై 27, ఆదివారం

కుప్పం పోయి వచ్చాను. స్వర్ణలత లైను చూడాలని అత్తతో చెప్పాను. అబద్ధాలు ఎంత తేలిగ్గా వస్తున్నాయో.

మునికుమార్ రాళ్ళ పాలిష్ దగ్గర నుంచి తల నిండా తెల్లటి పొడితో వచ్చాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు. టీ తాగేదాకా ఆగి, అన్న ఫోన్ నిజంగానే లోపల పెట్టావా అని అడిగాను.

"నా చేతుల్తోనే జోబీలో పెట్టినా వదినా. యాల అడగతాండావు?"

ఊరికే, ఫోటోలు ఉన్నాయి కదా అందులో అన్నాను. అతను తల వంచుకున్నాడు. ఫోటోల సంగతి తనకు తోచలేదన్నాడు. మన్ను వేసేముందు అమ్మ అన్న మీద పడిపోయిందనీ, చొక్కా పట్టుకుని వదల్లేదనీ, ముగ్గురు కలిసి లేపాల్సి వచ్చిందనీ, ఆ గోలలో ఇంకేమీ జ్ఞాపకం లేదనీ చెప్పాడు. తర్వాత నా ముఖంలోకి చూసి, సరిగ్గా తింటున్నావా అని అడిగాడు. తింటున్నానన్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫోన్ గుంతలోనే ఉంది. అయితే వచ్చేది తనే. పలమనేరు దాటేదాకా ఇదే మాట లోపల తిప్పుకుంటూ వచ్చాను. చదువుకున్నదాన్ని, ఏ సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తుందో వందమందికి చెప్పేదాన్ని. పిచ్చి పట్టినదాన్లా నవ్వుకుంటున్నానని పక్కనున్నామె జరిగి కూర్చుంది. జరగనీ. ఇన్నాళ్ళకు సంతోషంగా ఉంది.

జూలై 31, గురువారం

మా ఇంటికి ఎదురింటి పాపన్న ఈరోజు పొద్దున గది దగ్గరికి వచ్చాడు. లోపలికి రాకుండా చెప్పులతోనే గడప అవతల నిలబడి అత్తతో మాట్లాడాడు. నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను.

"పాడుపెట్టిన ఇంట్లో ఎవురో మాట్లాడతాండారు కుప్పమ్మా. ఉన్నారా, వినిపిస్తోందా అని పిలస్తాండారు. మా కోడలు ఆ పక్కకు పోవాలంటేనే భయపడతాండాది."

వాల్మీకిపురం నుంచి మంత్రాలు తెలిసిన ఒకాయన్ను పిలిపించి, తాళం తీయించి, లోపల నాలుగు మూలలా మేకులు కొట్టిస్తానన్నాడు. ఖర్చు తనే పెట్టుకుంటాడట. పప్పు గరిటె నా చేతిలోంచి జారింది. తాళం తీస్తే నా బల్ల, నా కుర్చీ, నిన్న తాగిన నీళ్ళ సీసా. అంతటితో అయిపోతుంది. పాడుపెట్టిన ఇంట్లో కాపురం చేసిందని ఊరు ఊరంతా అంటుంది. ఇక ముందు ఎవరింట్లో ఏ చెడు జరిగినా నా నెత్తిన వేస్తారు.

అత్త గొంతు పెంచలేదు. "నా కొడుకు ఇంట్లో నా కొడుకు మాట్లాడుకుంటే నీకేం నొప్పి పాపన్నా? ఆ కంప మీద ఒకరి చెయ్యి పడిందంటే నేను ఆడనే పడుకుంటా, సూసుకో" అంది. పాపన్న వెళ్ళిపోయాడు.

నా కొడుకు అంది. ఆమె నమ్ముతోంది.

మధ్యాహ్నం రెండోసారి అన్నం వడ్డించుకుంది. ప్రదీప్ పోయినప్పటి నుంచీ ముద్ద కలిపి వదిలేసే మనిషి.

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు మధ్యతలుపు తీశాను.

"ప్రదీప్" వరసలోకి వచ్చాడు. నేను కాల్ మధ్యలో ఉన్నాను. కాల్ అయిపోయాక చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీస్తే, ముందువైపు నుంచి మాటలు వినిపించాయి. ఇన్నాళ్ళూ ఈ వేళకు చెవుల్లో ఏదో ఒక కాల్ ఉండేది, లేకపోతే ఆ పేరు చూస్తూ నా గుండె చప్పుడు నేనే వింటూ ఉండేదాన్ని. ధైర్యం చేశాను. సోఫా పక్కనుంచి, దాన్ని చూడకుండా, ముందు తలుపు దాకా వెళ్ళాను. తలుపు రెక్కల మధ్య సందు ఉంది. తుమ్మకంప ముళ్ళు కనిపించాయి. ముళ్ళ అవతల మెట్టుమీద అత్త.

భజనకు పోతానన్న మనిషి. కాళ్ళు చాపుకుని, తలుపు వైపు తిరిగి కూర్చుని, టమాటా ధర చెబుతోంది. మదనపల్లెలో బాక్సు ఎంత పలికిందో, పుంగనూరులో ఎంత పలికిందో. కొళాయి నీళ్ళు ఎప్పుడొచ్చాయో. మునికుమార్‌కు దగ్గు తగ్గలేదని. చేతిలో ఫోన్ వెలుగుతోంది. తెరమీద ఫోటో నాదీ ప్రదీప్‌దీ. దాన్ని తెరిచే నంబరు ఆమెకు తెలియదు, అందుకే ఆ ఒక్క ఫోటోనే చూస్తోంది. ఆరిపోతే మళ్ళీ నొక్కుతోంది.

గుంత దగ్గర చొక్కా పట్టుకుని వదల్లేదన్నాడు మునికుమార్. అప్పుడే తీసుకుంది. నా కంట పడకుండా ఏ అంగట్లోనో చార్జింగు పెట్టించుకుంటోంది. వచ్చి మెట్టుమీద కూర్చోగానే ఆ ఫోన్ తనకు తెలిసిన వైఫైని పట్టుకుంటోంది. అంతే. ఇందులో ఏమీ లేదు. చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే సంగతి.

సోఫా దగ్గర నేలమీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు. ఆరోజు జనం ఉన్నారు.

నేను ఆమెను ప్రదీప్ అనుకున్నాను. ఆమె నన్ను ప్రదీప్ అనుకుంటోంది.

ఆగస్టు 5

ఇంక వెళ్ళను. ఉద్యోగం పోతే పోనీ. అతని కన్నతల్లితో ఈ ఆట ఆడలేను.

ఆగస్టు 7, గురువారం

మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని నా ఫోన్ నెట్‌తో పనిచేస్తున్నాను. మబ్బు పడితే పోతుంది, గాలి వీస్తే పోతుంది. స్వర్ణలతకు మీ లైను బాగాలేదని చెబుతుండగానే నా లైను తెగింది. నా చుక్క పొద్దున్నుంచీ ఎరుపు. అత్త మెట్లెక్కి వచ్చి, కాసేపు నన్ను చూసి, గొడుగు పెట్టి దిగిపోయింది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. వీధిలో ఆడవాళ్ళంతా పసుపు కుంకుమ పళ్ళేలతో ఇల్లిల్లూ తిరిగారు. మా గది ముందు అడుగులు వడిగా పడ్డాయి.

అత్త నిన్నటి నుంచీ తినలేదు. సాయంత్రం పోతోంది, తొందరగా తిరిగొస్తోంది. ఒంట్లో బాగాలేదా అంటే, "అంతా సద్దు లేకుండా ఉండాదమ్మా" అంది. ఎక్కడ అని నేను అడగలేదు.

ఆగస్టు 11, సోమవారం

సుధారాణి గారు పిలిస్తే మదనపల్లె వెళ్ళాను. తెర నావైపు తిప్పారు. నా పేరు పక్కన వారమంతా ఎరుపే. ఆమె చెడ్డ మనిషి కాదు, తలుపు వేసి మెల్లగా అడిగారు. మొన్నటిదాకా అంత మంచి లైను ఉండేది కదా, ఏమైంది అని. ఇల్లు మారామన్నాను. ఈ వారంలో పచ్చబడకపోతే తన చేతిలో ఏమీ ఉండదనీ, వచ్చే నెల బెంగళూరులో చేరాలనీ చెప్పారు.

గదికి వచ్చి అత్తకు అదే చెప్పాను. నన్ను తినమని నాకు ఒక్కదానికే వడ్డించింది. కూర వేస్తూ, "నీ స్నేహితురాలు ఊరికి పోయిందా?" అని అడిగింది.

పోయిందన్నాను.

"ఏమీ అనుకోకుండా పోయి అడగమ్మా. వద్దంటుందా" అంది.

ఆమె నీళ్ళ చెంబు నావైపు జరిపి, గిన్నెలు తీసుకుని లేచింది.

ఆగస్టు 12, మంగళవారం

వెళ్ళాను. గడియ కిర్రుమంది. వీధంతా విన్నట్టే అనిపించింది. బల్ల తుడుచుకుని కూర్చున్నాను. పచ్చ.

"వినిపిస్తోందా? ఉన్నారా?" అని పగలంతా అడిగాను. గొంతు తగ్గించడం మరిచిపోయాను.

దీపాలు పెట్టే వేళకు వరసలోకి పేరు వచ్చింది. చెవుల్లోవి తీసేసి ముందు తలుపు దగ్గరికి వెళ్ళాను. సందులోంచి చూస్తే అత్త తలుపు వైపు చూడడం లేదు. వీధి వైపు తిరిగి, మెట్టుకు అడ్డంగా, ఎవరినీ రానివ్వని మనిషిలా కూర్చుని ఉంది. పాపన్న తన వాకిట్లో నిలబడి ఇటే చూస్తున్నాడు. అతను లోపలికి పోయేదాకా ఆగి, ఫోన్ ముఖం దగ్గర పెట్టుకుని చెప్పింది.

"నాయనా, నీ పెండ్లాముకు ఒక మాట సెప్పు. వెనకపక్క గడియ కిర్రుమంటాండాది, వీధిలోకి ఇనపడతాండాది. రోంత నూనె పుయ్యమను. బయపడకుండా పని సేసుకోమను. ఈడ నేను కూసోని ఉండాను."

మొదటి రోజు నుంచీ ఆమెకు తెలుసు. ఏడేళ్ళుగా నా గొంతు వింటున్న మనిషి నన్ను పోల్చుకోలేదని ఎట్లా అనుకున్నాను? పాపన్నను వెళ్ళగొట్టింది కొడుకు కోసమని ఎట్లా అనుకున్నాను? అంత తెలివి లేని దాన్నా, లేక అట్లా అనుకోవడమే నాకు కావలసి వచ్చిందా.

పాడుపెట్టిన ఇంట్లో అడుగు పెట్టలేదు ఆమె. నన్ను పెట్టొద్దనీ అనలేదు. గడప అవతలే ఉండి, నన్ను లోపల కాపాడుతూ వచ్చింది.

గదిలో ఇద్దరం కలిసి తిన్నాం. స్నేహితురాలు వచ్చిందా అని అడిగింది. వచ్చింది అత్తా అన్నాను. మంచిదమ్మా అంది, పెరుగు వేసుకుంది.

ఆగస్టు 13, బుధవారం

గడియకు కొబ్బరినూనె రాశాను. ఇప్పుడు సద్దు లేదు.

మా పనిలో ఒక నియమం ఉంది. ఒకరి పేరుతో ఉన్న ఫోన్ ఇంకొకరి చేతికి పోతే ఆ పేరు వెంటనే మార్చాలి. లేకపోతే లేని మనిషి ఉన్నట్టు చూపిస్తుంది. ఎంతమందికి చెప్పి మార్పించానో లెక్కలేదు. సాయంత్రం "ప్రదీప్" రాగానే పేరు మార్చేచోట నొక్కాను. "అత్త" అని కొట్టాను. బయట ఆమె అతనికి టమాటా ధర చెప్పడం మొదలుపెట్టింది. కొట్టింది చెరిపేశాను.

మధ్యతలుపు తీసుకుని వెళ్ళి, సోఫాలో, అతను ఒరిగిపోయిన వైపే కూర్చున్నాను. ధర పడిపోయిందట. మునికుమార్ వచ్చే ఆదివారం వస్తాడట. చెప్పిచెప్పి ఆగింది. ఫోన్ ఆరిపోయినట్టుంది, సందులోంచి వెలుగు రాలేదు.

"ఇనపడతాండాదా నాయనా?" అంది.

ఈ ప్రశ్న రోజంతా నేను అడిగేదే. నన్ను ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ.

"ఇనపడతాండాది" అన్నాను.